ఆరుబయట ఉన్న పిల్లలందరూ ఆడుకుంటున్నట్టేనా?

ఈ మధ్య హైదరాబాదు, బెంగళూరు లాంటి నగరాల్లో చదువుకున్న తల్లిదండ్రుల మధ్య ‘అడవి బడి’ అనే మాట తరచుగా వినిపిస్తోంది. ఆరేళ్ళ లోపు పిల్లల్ని నాలుగు గోడల మధ్య కూచోబెట్టి అక్షరాలు దిద్దించకుండా చెట్ల మధ్యకి తీసుకెళ్తే మట్టితో, నీళ్ళతో, ఎండుటాకులతో ఆడుకుంటూ కావలసింది వాళ్ళే నేర్చుకుంటారన్నది దాని సారాంశం. ఆలోచన మంచిదే. దానికి వసూలు చేసే ఫీజు మాత్రం కూలి చేసుకుని బతికే తల్లి ఊహకి కూడా అందదు.

ఇదే ఆలోచనని పడమటి కర్నూలు పల్లెల గురించి జరిగే సభల్లో ప్రస్తావిస్తే అధికారుల దగ్గరనుంచే కాదు, మన సంస్థల్లో పనిచేసే కార్యకర్తల దగ్గరనుంచి కూడా ఒకటే జవాబు వస్తుంది. “ఆ పిల్లలకి ఆరుబయలు కొత్తేముంది మేడమ్? వాళ్ళు పుట్టి పెరిగేదే ఎండలో కదా. వాళ్ళకి కావలసింది గది, బల్ల, ఫ్యాను.” వినడానికి ఇది చాలా వాస్తవికమైన మాటగా, పేదల పక్షం వహించిన మాటగా కూడా ఉంటుంది.

నేను దీన్ని ఒప్పుకోను. ఆరుబయట ఉండటం, ఆరుబయట ఆడుకోవడం ఒకటి కాదు. ఈ రెంటికీ మధ్య ఒక మనిషి శ్రమ ఉంది. పిల్ల ఎక్కడికి పాకుతోంది, నోట్లో ఏం పెట్టుకుంటోంది, ఏ రాయి కింద తేలు ఉంది, ఎండ ఎంత ముదిరింది అని చూసుకుంటూ, చూస్తున్నట్టు తెలియకుండా పిల్లని వదిలే మనిషి ఒకరు ఉంటేనే ఆరుబయలు ఆటస్థలం అవుతుంది. ఆ మనిషి దాదాపు అన్నిచోట్లా స్త్రీయే. మన పల్లెల్లో అయితే చాలాసార్లు ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. ఆ శ్రమ ఎవరిది, దానికి కూలి ఎవరిస్తారు అనే ప్రశ్న వదిలేసి పసిపిల్లల ఆట గురించి ఎంత మాట్లాడినా అది కవిత్వంగానే మిగిలిపోతుంది.

గట్టు కింది ఊళ్ళలో

దేవరగట్టు కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో, కర్ణాటక సరిహద్దుకి దగ్గరగా ఉంది. ఆదోని డివిజను. తెలుగూ కన్నడమూ కలిసిపోయిన మాట, తండాల్లో లంబాడీ మాట. పత్రికలకి ఈ గట్టు ఏడాదికి ఒక్క రాత్రే గుర్తుకొస్తుంది. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో ఉత్సవ విగ్రహాలను కాపాడుకునే పక్షంగా నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాలవాళ్ళు, ఎదుటి పక్షంగా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇనుప రింగులు తొడిగిన కర్రలతో, దివిటీలతో తలపడతారు. అంతకుముందు పాలు తాకి, మనలో మనకి పగలు లేవని ప్రమాణం చేసుకుంటారు. అయినా ఏటా పదులకొద్దీ తలలు పగులుతాయి. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. కర్ర పట్టేది మగవాళ్ళే.

ఆ ఒక్క రాత్రి కోసం ప్రభుత్వం ఎంత చేస్తుందో చూడండి. వందలాది పోలీసులు వస్తారు. గట్టు కింద తాత్కాలిక ఆస్పత్రి, అంబులెన్సులు, దీపాలు, నిఘా కెమెరాలు. కొన్ని వారాల ముందునుంచే ఊరూరా అవగాహన సభలు. మగవాళ్ళ తలలు పగలకుండా చూడటం ప్రభుత్వ బాధ్యతే, కాదనను. కానీ అదే గట్టు కింద మిగిలిన రోజులన్నీ పసిపిల్లలు ఎక్కడున్నారు, వాళ్ళని ఎవరు చూస్తున్నారు అని అడిగిన అధికారి నాకు ఇంతవరకూ కనిపించలేదు.

స్త్రీల శ్రమ గురించిన పరిశోధన కోసం నేను ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో, తండాల్లో చాలాకాలం తిరిగాను. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందే ఊళ్ళు కొన్ని. మిగతావన్నీ వాన మీద ఆధారపడినవే. కూలికి పోయే తల్లి పొద్దున ఏడింటికల్లా ఊరు దాటుతుంది. అంగన్‌వాడీ తలుపు తెరిచేది తొమ్మిదికి. ఆ రెండు గంటలూ, సాయంత్రం మళ్ళీ తల్లి వచ్చేదాకా, చంటిపిల్ల పెద్దపిల్ల చంకలో ఉంటుంది. మూడేళ్ళు నిండనివాళ్ళయితే రోజంతా అంతే. వాళ్ళకి అంగన్‌వాడీ నుంచి ఇంటికి సరుకులు అందుతాయి గాని, రోజంతా వాళ్ళని పెట్టుకుని చూసే ఏర్పాటు లేదు. మేకలు ఉంటే మేకల వెనకా ఆ పెద్దపిల్లే. చంకలో తమ్ముడు, చేతిలో బెత్తం, గట్టు వాలులో రేగుచెట్లు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఇది ఎంతో అందమైన బాల్యం.

దగ్గరికి వెళ్తే కనిపించేది వేరు. ఆ పిల్ల తమ్ముణ్ణి కింద దించితే వాడు ముళ్ళలోకి పాకుతాడు. దించకపోతే తను చెట్టెక్కలేదు. వాడు పడి మోకాలు చీరుకుపోతే సాయంత్రం దెబ్బలు తినేది ఈ పిల్ల. అందుకని తెలివైన పిల్ల ఏం చేస్తుందంటే వాణ్ణి కదలనివ్వదు. చంకలోనో, నడుముకి పాతచీర ముక్క చుట్టి గుంజకి కట్టేసో ఉంచుతుంది. అంటే ఆరుబయట ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒక్కరు కూడా ఆడుకోవడం లేదు. చిన్నవాడిది కట్టేసిన బాల్యం, పెద్దదానిది కూలి లేని పని. ఒక తల్లిని ఈ సంగతి అడిగితే ఆమె నన్నే తిరిగి అడిగింది: “అది ఆడుకోనీకి పోతే వీణ్ణి ఎవురు పట్టుకుంటారక్కా? నువ్వు పట్టుకుంటావా?” ఆమె వెటకారంగా అన్నా, ఈ విషయంలో అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అదే.

ఆటల్లో ఉన్న శ్రమ విభజన

మన ఆడపిల్లల ఆటల గురించి జానపద పరిశోధకులు చాలా మురిపెంగా రాశారు. అచ్చనగాయలు, వామనగుంటలు, చింతగింజలు. ఇవి చేతివేళ్ళకి నైపుణ్యం, లెక్కకి పదును ఇస్తాయన్నది నిజమే. అయితే ఒక్క విషయం గమనించండి. ఇవన్నీ గడప ముందు కూచుని ఆడేవి. ఒళ్ళో పిల్లని పెట్టుకుని ఆడగలిగేవి. అమ్మ పిలిస్తే మధ్యలో ఆపేసి లేవగలిగేవి. మగపిల్లల ఆటలు చూడండి. బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి, గోలీలు, బొంగరం. ఊరి బయలంతా కావాలి, చెట్టు కావాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఎవరూ పిలవని మధ్యాహ్నం కావాలి. ఆడపిల్లలు కుదురుగా ఆడుకుంటారు, మగపిల్లలు అల్లరిగా తిరుగుతారు అని స్వభావాల గురించి చెప్పేవన్నీ నిజానికి ఎవరికి ఎంత తీరిక ఉంది, ఎవరి చంకలో పిల్ల ఉంది అన్న లెక్కలే.

ఎమ్మిగనూరులో ఇదే విషయం ఇంకో రూపంలో కనిపిస్తుంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టేది ఆడవాళ్ళూ పిల్లలూ. ఆ పిల్లలు గదిలోనే ఉంటారు, గట్టు కింది పిల్లలు బయటే ఉంటారు. గది ఉన్నవాళ్ళకీ ఆట లేదు, బయలు ఉన్నవాళ్ళకీ ఆట లేదు. కాబట్టి ‘గదా, బయలా’ అని మనం చేస్తున్న వాదనే పక్కదారి పట్టింది. రెండుచోట్లా లేనిది పిల్లని చూడటమే పనిగా ఉన్న పెద్ద మనిషి.

అడవి బడి ఎక్కడ పుట్టింది?

పిల్లల తోట అనే అర్థంలో ‘కిండర్‌గార్టెన్’ అన్న పేరు జర్మనీలో ఫ్రోబెల్ 1840లో పెట్టాడు. పిల్లలు మొక్కలు పెంచాలి, ఆడాలి, దాన్ని నడిపే పని స్త్రీలకు శిక్షణ ఇచ్చి అప్పగించాలి అన్నాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ తోటల్ని నిషేధించింది. పసిపిల్లల ఆట కూడా రాజ్యానికి భయం పుట్టించగలదని దీన్నిబట్టి తెలుస్తుంది. 1914లో లండన్ డెట్‌ఫర్డ్ మురికివాడలో రేచల్, మార్గరెట్ మెక్‌మిలన్ అనే అక్కచెల్లెళ్ళు ఆరుబయలు నర్సరీ తెరిచారు. అది డబ్బున్నవాళ్ళ ముచ్చట కాదు. ఇరుకు ఇళ్ళలో ఎముకలు వంకరపోయి, ఊపిరితిత్తులు చెడి రాలిపోతున్న కార్మికుల పిల్లల కోసం. గాలీ వెలుతురూ మందులా ఇవ్వాలన్నది వాళ్ళ వాదన. అక్కడ తోట ఉంది, తోటతోబాటు స్నానపు తొట్లు, భోజనం, నిద్ర, జీతానికి పనిచేసే మనుషులు ఉన్నారు.

ఇవాళ మనం వింటున్న అడవి బడి డెన్మార్కులో 1950ల్లో మొదలైంది. ఎల్లా ఫ్లాటౌ అనే ఒక తల్లి తన పిల్లల్నీ ఇరుగుపొరుగు పిల్లల్నీ రోజూ అడవిలోకి నడిపించుకెళ్ళేది. అది చూసి మిగతా తల్లులు కలిశారు. అంటే ఇది కూడా ఒక స్త్రీ కూలి లేకుండా చేసిన పనితోనే మొదలైంది. కానీ అక్కడితో ఆగిపోలేదు. 1993లో జర్మనీలో ఫ్లెన్స్‌బర్గ్ పట్టణంలో అటువంటి బడికి అధికారిక గుర్తింపు వచ్చింది. ఇవాళ ఆ దేశంలో అవి వెయ్యికి పైనే ఉన్నాయి. పదిహేను ఇరవైమంది పిల్లలకి ఇద్దరు శిక్షణ పొందిన ఉపాధ్యాయులు. వాళ్ళకి జీతాలు. దీని వెనక ఒక చట్టం ఉంది. మూడేళ్ళు నిండిన ప్రతి పిల్లకీ శిశు పాఠశాలలో చోటు పొందే హక్కు 1996 నుంచి, ఏడాది నిండిన పిల్లకి శిశు సంరక్షణ హక్కు 2013 నుంచి ఆ దేశం ఇచ్చింది. మన నగరాల్లో అడవి బడిని దిగుమతి చేసుకున్నవాళ్ళు చెట్లని చూశారు, మట్టిని చూశారు. ఆ హక్కుని, జీతాన్ని మాత్రం సరిహద్దు అవతలే వదిలేశారు.

అంతదూరం పోనక్కర్లేదు. మన దేశంలో తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డిలో గ్రామీణ శిశు విద్యాకేంద్రం పెట్టింది. తర్వాత 1957లో అది కోస్బాడ్ కొండకి మారింది. అనుతాయి వాఘ్ ఆమెతో కలిసి దశాబ్దాలపాటు అక్కడ పనిచేసింది. వార్లీ ఆదివాసీ పిల్లలు బడికి రావడం లేదంటే ఆ ఇద్దరూ పిల్లల్ని నిందించలేదు. బడినే వాడలోని ముంగిలికి తీసుకెళ్ళారు. దానికి వాళ్ళు పెట్టిన పేరే అంగన్‌వాడీ. పశువుల్ని మేపే పిల్లల కోసం మేత బయళ్ళకే వెళ్ళి ‘పచ్చిక బడి’ నడిపారు. ఆకులు, గింజలు, రాళ్ళు, పాటలే బోధన సామగ్రి. మనం రోజూ వాడే అంగన్‌వాడీ అన్న మాటలోనే ముంగిలి ఉంది, ఆరుబయలు ఉంది. దాన్ని గుడ్డు, పాలు పంచే ఇరుకు గదిగా మార్చింది ప్రభుత్వం. అనంతపురం సీమలో చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ బీడుభూమిని కొని, చెట్లు మళ్ళీ మొలిచేలా కాపాడి, అక్కడే పిల్లల బడి నడిపింది. అదీ మనలాంటి కరువు నేలే. కాబట్టి ఈ ఆలోచన మన నేలకి పరాయిది అనడం కుదరదు.

ఆరేళ్ళ లోపు పిల్లలు ఎవరికీ చెందరు

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ విద్య ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పద్నాలుగేళ్ళ లోపు అంటే అందులో నాలుగేళ్ళ పిల్ల కూడా ఉంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ తెచ్చి ఆ హక్కుని 6 నుంచి 14 ఏళ్ళకి కుదించారు. ఆరేళ్ళ లోపువాళ్ళ విషయంలో రాజ్యం ‘ప్రయత్నించాలి’ అని 45వ అధికరణాన్ని తిరగరాశారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆ గీతనే అనుసరించింది. ఆట పిల్లల హక్కు అని చెప్పే బాలల హక్కుల ఒడంబడికను 1992 డిసెంబరులో మన దేశం ఆమోదించి ఉంది. ఒక చేత్తో అంతర్జాతీయ ఒడంబడికని ఆమోదించి, పదేళ్ళకి రెండో చేత్తో ఆరేళ్ళ లోపువాళ్ళని రాజ్యాంగ హక్కులోంచి తొలగించారు.

హక్కు లేనిచోట శ్రమకి విలువా ఉండదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైన నాటినుంచి అంగన్‌వాడీలో పనిచేసే స్త్రీని ప్రభుత్వం కార్మికురాలిగా గుర్తించలేదు. ఆమెకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనం. పిల్లల్ని చూడటం ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన సేవ, దానికి ఏదో కొంత ముట్టజెప్తే చాలు అనే పితృస్వామ్య భావాన్ని ప్రభుత్వమే జీవోల్లో రాసి పెట్టింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ ఉద్యోగినులకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. అది అమలు చేయమని, కనీస వేతనం ఇమ్మని అడుగుతూ 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ వర్కర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు వర్కరుకి నెలకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. ప్రభుత్వం కేంద్రాల తాళాలు పగలగొట్టించింది. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. ఎస్మా ‘అత్యవసర సేవ’లకి వర్తించే చట్టం. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ అయింది, పని ఆపినప్పుడు అత్యవసర సేవ అయింది. ఒకే పని, ఒకే స్త్రీ.

ఇరవై ముప్ఫైమంది పిల్లల్ని, రిజిస్టర్లని, ఫోన్ యాప్‌లని, తూకాల్ని, వంటని ఇద్దరు ఆడవాళ్ళ నెత్తిన పెట్టి, ‘మీరు పిల్లల్ని బయట ఎందుకు ఆడించరు’ అని అడగటం అన్యాయం. తలుపు వేసి కూచోబెట్టడం ఆమెకి ఉన్న ఒకే ఒక్క రక్షణ. పిల్ల తప్పిపోతే, పాము కరిస్తే ఉద్యోగం పోయేది ఆమెదే. గట్టు కింద ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి గుంజకి కట్టేయడానికీ, అంగన్‌వాడీలో తలుపు మూసేయడానికీ కారణం ఒకటే.

సుగ్గికి పోయే పిల్లలు

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద మండలాల ఊళ్ళు పంటకాలం ముగిశాక సగం ఖాళీ అయిపోతాయి. గుంటూరు మిరప చేలకి, తెలంగాణ పత్తి చేలకి, బెంగళూరు కట్టడాలకి సుగ్గి పోతారు. బడి వయసు పిల్లల్ని ఊళ్ళోనే ఆపడానికి వలసకాలపు హాస్టళ్ళు నడిపారు. మన సంస్థలు చాలా వాటిలో పనిచేశాయి. విత్తన పత్తి చేలలో పువ్వు వలిచి పుప్పొడి అద్దే పనినుంచి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆడపిల్లల్ని బడికి మళ్ళించడానికి కార్యకర్తలు చేసిన పోరాటం చిన్నది కాదు. కానీ ఆ పోరాటమంతా ఆరేళ్ళ దగ్గర మొదలవుతుంది. ఆరు నిండనివాళ్ళు తల్లి వెంట లారీ ఎక్కుతారు. వాళ్ళు ఉండేది పురుగుమందు కొట్టిన చేను గట్టున, ప్లాస్టిక్ పట్టా నీడలో. వాళ్ళని చూసుకోవడానికి అక్క కూడా లారీ ఎక్కుతుంది. హాస్టలులో ఆమె పేరు ఉంటుంది, మనిషి మిరప చేలో ఉంటుంది. చంటిపిల్లల సంగతి తేల్చకుండా పెద్దపిల్లని బడిలో నిలబెట్టలేమని మనకి ఇన్నేళ్ళ అనుభవం చెప్పడం లేదా? 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా స్త్రీల అక్షరాస్యత 50 శాతం దగ్గరే ఆగిపోవడానికి ఉన్న అనేక కారణాల్లో ఈ చంకలోని పిల్ల ఒకటి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించిన ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వస్తే వాళ్ళని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించాలని, ఆమెకి మిగతావాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలని రాశారు. నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికన్నా విప్లవాత్మకమైన వాక్యం అదే. పిల్లని చూడటం కూడా మట్టి తవ్వడంలాంటి పనే అని ఈ దేశపు చట్టం మొదటిసారి ఒప్పుకుంది. నేను తిరిగిన పనిచోట్ల అది అమలు జరగలేదు. అమలు చేయమని మనమూ గట్టిగా అడగలేదు. పనిదినాల లెక్క అడిగాం, బకాయిలు అడిగాం, పిల్లల నీడ గురించి తర్వాత చూద్దాం అనుకున్నాం. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు వేరే చట్టం చేసింది. కొత్త చట్టం కింద ఊళ్ళలో జరిగే ప్రతి పనిచోటా ఈ డిమాండుని మొదటి డిమాండుగా పెట్టాల్సిన సమయం ఇది.

తల్లుల అభ్యంతరం

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయకూడదు. మాదిగ, బోయ, కురుబ, లంబాడీ తల్లులు తమ పిల్లలకి కోరుకుంటున్నది గది, పలక, యూనిఫారం, ఇంగ్లీషు. వాళ్ళ దృష్టిలో మట్టి అంటే కూలి. ఎండ అంటే కూలి. తరతరాలుగా బడి గది బయట నిలబెట్టినవాళ్ళ పిల్లల్ని మళ్ళీ బయట కూచోబెట్టి ‘ఇదే చదువు’ అంటే వాళ్ళకి అనుమానం రాదా? దొర పిల్లలకి గది, మా పిల్లలకి చెట్టు కింద బడా అని అడగరా? అడుగుతారు, అడగాలి కూడా. నగరంలో మట్టిలో ఆడిన పిల్ల ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళతో స్నానం చేస్తుంది. ఆ మట్టిని ఎవరూ ఆమె కులంగా చూడరు.

నా జవాబు ఇది. ఆరుబయలు ఆట గదికి బదులు కాదు. గది, మరుగుదొడ్డి, నీళ్ళు, నిద్రపోయే చోటు, వేడి భోజనం, ఇవి ముందుగా ఉండాలి. వీటిని ఎగ్గొట్టడానికి ఏ ప్రభుత్వమైనా, ఏ సంస్థయినా ‘ప్రకృతి ఒడిలో విద్య’ అని మాట్లాడితే దాన్ని మనమే మొదట ఎదిరించాలి. అదే సమయంలో నాలుగేళ్ళ పిల్ల చేత ఏ, బీ, సీ, డీలు గంటలకొద్దీ రాయించే ప్రైవేటు నర్సరీ ఆ తల్లి ఆశని అమ్ముకుంటోందని కూడా చెప్పాలి. ఆ వయసులో పిల్ల ఎక్కి దిగితే, పరిగెత్తితే, గింజలు పోగుచేసి పంచుకుంటే, ఇసుకలో నీళ్ళు పోసి చూస్తే శరీరానికి తూకం వస్తుంది, చేతికి పట్టు వస్తుంది, మాట వస్తుంది, లెక్క వస్తుంది. పెన్సిలు పట్టుకునే వేళ్ళు తయారయ్యేది అక్కడే. ఈ సంగతి తల్లులకి ఉపన్యాసంగా చెప్పనక్కర్లేదు. ఊరి టీచరు, సర్పంచి, అంగన్‌వాడీ వర్కరు తమ పిల్లల్ని కూడా అదే చోటికి పంపిస్తే చాలు, నమ్ముతారు.

ఏం అడగాలి?

దేవరగట్టు కింద అటువంటి చోటు ఎలా ఉండాలో మాటల్లో చెప్పడం కష్టమేమీ కాదు. పొద్దున తల్లులు కూలికి కదిలే వేళకి తలుపు తెరవాలి, వాళ్ళు తిరిగొచ్చేదాకా మూయకూడదు. ఎండ ముదరకముందు రెండు మూడు గంటలు గట్టు వాలులో, వేప, కానుగ నీడల్లో. అంతకుముందే ఒక మనిషి వెళ్ళి ముళ్ళు ఏరి, రాళ్ళు కదిలించి చూసి రావాలి. మధ్యాహ్నం కప్పు కింద భోజనం, నిద్ర. చల్లబడ్డాక మళ్ళీ బయట. వేసవిలో ఈ వేళలు ఇంకా ముందుకి జరగాలి. చంటివాళ్ళకి ఊయల, పాలిచ్చే తల్లి మధ్యలో వచ్చిపోయే దూరం. పాటలు తెలుగులో, కన్నడంలో, లంబాడీలో. చీరకొంగు బిగించి కోతికొమ్మచ్చి ఆడే టీచరమ్మ. కట్టెలకి వెళ్ళే ఆడవాళ్ళని దొంగల్లా చూసే అటవీ శాఖ, పిల్లలు నడిచే దారికి మాత్రం అనుమతి కాగితం అడగకూడదు.

మన డిమాండ్లు కూడా అంతే స్పష్టంగా ఉండాలి. ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, ఆట, విద్యలని రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా చేర్చాలి. అంగన్‌వాడీ వర్కరునీ ఆయానీ ప్రభుత్వోద్యోగులుగా గుర్తించి జీతం, గ్రాట్యుటీ, పింఛను ఇవ్వాలి. ఆరుబయట ఆడించడానికి వీలుగా ఇరవైమంది పిల్లలకి కనీసం ఇద్దరు ఆ పనికే కేటాయించిన మనుషులు ఉండాలి. వంట, రిజిస్టర్లు వేరొకరి బాధ్యత కావాలి. 2022లో కేంద్రం ప్రకటించిన ‘పాల్నా’ శిశు సంరక్షణ కేంద్రాలను పట్టణాలకే వదిలేయకుండా వలస మండలాల్లో ముందు తెరవాలి. సుగ్గి కాలంలో కూలీలు పనిచేసే జిల్లాల్లో చేను దగ్గరే శిశు కేంద్రం నడపడం రైతు, మేస్త్రీ, ప్రభుత్వాల ఉమ్మడి బాధ్యతగా చట్టం చేయాలి. ప్రతి ప్రభుత్వ పనిచోటా పిల్లల్ని చూసే స్త్రీకి పూర్తి కూలి.

మన సంస్థలకీ ఒక మాట. మన కేంద్రాల్లో పిల్లల్ని చూసే ఊరి అమ్మాయికి మనం ఎంత ఇస్తున్నాం? ప్రాజెక్టు రిపోర్టుల్లో ‘కమ్యూనిటీ భాగస్వామ్యం’ అని రాసుకుంటున్నది ఆమె చవక శ్రమనే కాదా? ప్రభుత్వాన్ని అడిగే ముందు మన బడ్జెట్టు కాగితాల్లో ఆ గడిని సరిదిద్దుకుందాం. స్త్రీల సమస్యల జాబితాలో పసిపిల్లల ఆట చివరి వరసలో ఉండదగ్గ మెత్తని విషయం అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. తల్లి కూలి, అక్క చదువు, అంగన్‌వాడీ వర్కరు జీతం, చిన్నదాని ఆట, ఈ నాలుగూ ఒకే ముడి. ఏ ఒక్కదాన్ని విడిగా లాగినా మిగతా మూడూ ఇంకా బిగుసుకుంటాయి.

వచ్చే విజయదశమికి గట్టు దగ్గరికి కలెక్టరు, ఎస్పీ, పత్రికలవాళ్ళు అందరూ వస్తారు. దానికి ముందు జరిగే సభల్లో మగవాళ్ళకి శాంతి గురించి చెప్తారు. ఆ సభల్లోకి మన సంఘాల ఆడవాళ్ళు చంటిపిల్లలతో సహా వెళ్ళి కూచుందాం. నెరణికిలో, తండాల్లో, హొళగుందలో శిశు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, ఎంతమందిని నియమిస్తారు, ఎంత జీతం ఇస్తారు అని తేదీతో సహా రాతపూర్వకంగా అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఆ పిల్లల్ని అధికారుల ఒళ్ళోనే ఉంచుదాం. ఎనిమిదేళ్ళ పిల్ల రోజూ మోసే బరువెంతో వాళ్ళకీ కాస్త తెలుస్తుంది.